కాబూలు పద్దు

పి.గన్నవరం దగ్గర వైనతేయ మీద పాత అక్విడక్టు ఇంకా నిలబడే ఉంది. కింద నది, నది మీద కమానులు, కమానుల మీద కాలవ. 1850లలో కట్టిన ఆ కమానుల మీదుగానే తరాలపాటు గోదావరి నీళ్ళు అవతలి లంకల్లోకి వెళ్ళాయి. పక్కన కొత్తది కట్టాక దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. పోయిన సంక్రాంతికి మావయ్యతో కలిసి బండి మీద కొత్తపేట నుంచి రాజోలు వెళ్తూ అక్కడ కాసేపు ఆగాం. మావయ్య అలవాటుగా చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు. సీతమ్మగారికో, కాటన్ దొరకో, ఇద్దరికీనో నాకు తెలీదు.

"ఆ దొరే రాకపోతే నీకా కంప్యూటరూ లేదు, నాకీ కొబ్బరితోటా లేదురా అబ్బాయ్," అన్నాడు.

అప్పటికి కొన్ని నెలలుగా నేను అఫ్గాన్ యుద్ధాల గురించి చదువుతున్నాను. నోరూరుకోక, "కాటన్ దగ్గర పనిచేసిన దళమే తర్వాత కాబూలు వైపు యుద్ధానికీ వెళ్ళింది మావయ్యా," అన్నాను.

"ఆయ్, వెళ్తే వెళ్ళింది. మనకేంటంట?"

మావయ్య వెటకారానికి అనలేదు. నిజంగానే అడిగాడు. ఆ ప్రశ్నకి అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసం.

*

ముందు ఆ దళం సంగతి. మద్రాసు సాపర్స్ అండ్ మైనర్స్ అని ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో ఒక విభాగం ఉండేది. సాపర్ల ఆయుధం తుపాకీ కంటే ఎక్కువగా పలుగూ పారా. దారులు వెయ్యడం, వంతెనలు కట్టడం, కోటగోడలు పేల్చడం వాళ్ళ పని. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలైనప్పుడు ఆ పనికి సాపర్లను కూడా తెచ్చారు. 1852లో ఆనకట్ట పూర్తయింది. ఆ దళం ప్రధాన కేంద్రం కొన్నేళ్ళు ధవళేశ్వరంలోనే ఉండి, 1860లలో బెంగుళూరుకి మారిపోయింది. ఇప్పటి భారత సైన్యంలోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ దాని వారసురాలే. వాళ్ళ యుద్ధ గౌరవాల పట్టికలో 'అఫ్గానిస్తాన్ 1878–80' అని ఒక వరస ఉంది.

అదే 1879లో సాపర్లు ఇంకోచోటికి కూడా వెళ్ళారు. దానికి యుద్ధ గౌరవం ఏమీ ఇవ్వలేదు. అది మనకు దగ్గరే. రాజమండ్రికి పైన, రంప కొండల్లోకి.

ఒకే దళం మనకి నీళ్ళు తెచ్చింది, అఫ్గాన్ కనుమల్లోకి సైన్యం వెంట నడిచింది, మన పక్క కొండల మీద తిరగబడ్డ వాళ్ళని అణచడానికీ వెళ్ళింది. నాకు తెలిసినంతలో కోనసీమలో మనం మొదటిది మాత్రమే చెప్పుకుంటాం.

*

అఫ్గాన్ యుద్ధాలు మూడు. మొదటిది 1839–42. రష్యా ఎక్కడ దిగివస్తుందో అన్న భయంతో కంపెనీ తనకు నచ్చిన రాజు షా షుజాను కాబూలు గద్దె మీద కూర్చోబెట్టింది. రెండేళ్ళు తిరిగేసరికి జనం తిరగబడ్డారు. 1842 జనవరి 6న దాదాపు పదహారున్నర వేలమంది కాబూలు విడిచి మంచులో జలాలాబాదుకు బయల్దేరారు. వారం తర్వాత జనవరి 13న డాక్టర్ బ్రైడన్ అనే ఒకే ఒక్క ఇంగ్లీషు మనిషి గుర్రం మీద తూలుతూ కోట చేరాడు. తర్వాత ఆ దృశ్యాన్ని లేడీ బట్లర్ బొమ్మగా గీసింది. బ్రిటన్‌లో అది చాలా పేరుపొందిన చిత్రం.

ఆ బొమ్మలో లేనివాళ్ళ లెక్క ఇది. బయల్దేరిన వాళ్ళలో సైనికులు నాలుగున్నర వేలు. వాళ్ళలో తెల్లవాళ్ళు ఏడు వందలు. మిగిలిన సిపాయిలూ, వంటవాళ్ళూ, ఒంటెలు తోలేవాళ్ళూ, వాళ్ళ పెళ్ళాంబిడ్డలూ పదిహేను వేలకు పైగా, దాదాపు అందరూ మన దేశం వాళ్ళే. చలికి కాళ్ళూ చేతులూ పోగొట్టుకుని కాబూలు వీధుల్లో అడుక్కుంటూ బతికినవాళ్ళున్నారు. బానిసలుగా అమ్ముడుపోయినవాళ్ళున్నారు. అదే ఏడాది చివర్లో 'ప్రతీకార సైన్యం' వెళ్ళి కాబూలు పెద్ద బజారుని తగలబెట్టింది. ఇస్తాలిఫ్ అనే ఊరుని నాశనం చేసింది. బ్రైడన్‌ని తరిమినవాళ్ళెవరో, ఆ బజారులో కొట్లు పెట్టుకున్నవాళ్ళెవరో విడదీసి చూసే ఓపిక ఎవరికీ లేకపోయింది.

మొదటి యుద్ధంలో నడిచినవి ఎక్కువగా బెంగాల్, బొంబాయి సైన్యాలు. మనవాళ్ళు లేరు కదా అని ఊపిరి పీల్చుకోబోయాను. కానీ ఉత్తరాదిలో ఆ రోజుల్లో కంపెనీ సిపాయిని పిలిచే మాట ఒకటుంది: 'తిలంగా'. 1857 నాటి ఢిల్లీ రాతల్లో కూడా సిపాయిలు తిలంగాలే. క్లైవ్ మద్రాసు నుంచి బెంగాల్‌కి తీసుకెళ్ళిన మొదటి సిపాయిల్లో తెలుగువాళ్ళు ఉండటంతో ఆ పేరు పడింది. తర్వాత ఆ సిపాయి అవధ్ వాడైనా బీహార్ వాడైనా పేరు మాత్రం మనదే. జీతానికి పరాయివాడి యుద్ధం చేసే మనిషికి ఉత్తర భారతం మన జాతి పేరు పెట్టింది. దీనికి గర్వపడాలో సిగ్గుపడాలో నాకు ఇంకా తేలలేదు.

ఈ సందర్భంలోనే ఒక మాట. అఫ్గానిస్తాన్ని 'సామ్రాజ్యాల శ్మశానం' అనడం మనకి ఇష్టం. చర్చ ఎక్కడ జరిగినా ఎవరో ఒకరు ఆ మాట అంటారు. వినడానికి అఫ్గాన్లని పొగిడినట్టే ఉంటుంది. కానీ ఆ శ్మశానంలో సామ్రాజ్యాలు లేవు. సామ్రాజ్యాలు లండన్‌లో భద్రంగా ఉన్నాయి. అక్కడ పడుకున్నది సిపాయిలూ, ఒంటెలు తోలేవాళ్ళూ, ఊళ్ళు కాలిపోయిన అఫ్గాన్ రైతులూ.

*

రెండో యుద్ధం 1878 నవంబరు 21న మొదలైంది. మన పద్దు ఇక్కడ తెరుచుకుంటుంది.

అప్పటికి రెండేళ్ళుగా మద్రాసు రాష్ట్రంలో ధాత కరువు. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాల్లో మనుషులు రోడ్ల మీద రాలిపోయారు. బ్రిటిష్ పాలనలోని ప్రాంతాల్లోనే చనిపోయినవాళ్ళు యాభై లక్షలు దాటారని అంచనా. అప్పుడు వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం కరువు నిధి అని ఒకటి ప్రకటించింది. ఏడాదికి కోటిన్నర రూపాయలు పక్కన పెట్టి, మళ్ళీ కరువొస్తే వాడతామంది. దాని కోసం కొత్త పన్నులు వేశారు. చిల్లర వర్తకుల మీద కూడా లైసెన్సు పన్ను పడింది. ఆ డబ్బు వేరే దేనికీ వాడబోమని మాటిచ్చారు.

తర్వాతి ఏడాదే అఫ్గాన్ యుద్ధం ఖర్చు ముంచుకొచ్చింది. కరువు నిధికి కేటాయింపు ఆగిపోయింది. పన్ను మాత్రం ఆగలేదు.

యుద్ధం ఖర్చు ఎవరు భరించాలన్నది బ్రిటిష్ పార్లమెంటులో 1878 డిసెంబరులోనే చర్చకు వచ్చింది. హిందూదేశపు సరిహద్దు దాటి చేసే యుద్ధానికి ఇక్కడి ఆదాయం వాడాలంటే పార్లమెంటు ఒప్పుకోవాలి, అది చట్టం. హెన్రీ ఫాసెట్ లాంటి కొద్దిమంది అడ్డుపడ్డారు. యుద్ధం ఇంగ్లండ్ విదేశాంగ విధానం కోసమైతే ఇంగ్లండే కట్టాలి కదా అని వాళ్ళ వాదం. వాళ్ళు ఓడిపోయారు. సరిహద్దు రైలుమార్గాలతో కలిపి ఖర్చు చివరికి రెండు కోట్ల పౌండ్లు దాటింది. గ్లాడ్‌స్టన్ ప్రధాని అయ్యాక బ్రిటన్ అందులో 50 లక్షల పౌండ్లు ఇచ్చింది. మిగతాది ఇక్కడి రైతు కట్టిన శిస్తు, ఇక్కడి పేదవాడు కొన్న ఉప్పు మీది పన్ను.

ఆ శిస్తులో గోదావరి జిల్లా వాటా చిన్నదేం కాదు. ఆనకట్ట వచ్చాక జిల్లా రాబడి రెట్టింపు దాటింది. ఆనకట్టకి కంపెనీ ఒప్పుకున్నదే రాబడి పెరుగుతుందన్న లెక్క మీద. కాటన్ కూడా పైవాళ్ళని ఒప్పించడానికి దయాదాక్షిణ్యాల మాటలతో పాటు లాభనష్టాల పట్టికలూ చూపించేవాడు. గన్నవరం కమానుల మీదుగా నీళ్ళు లంకల్లోకి పారాయి, అవే పొలాల మీద పండిన శిస్తు కలెక్టరు కచేరీ మీదుగా మద్రాసుకి పారింది. ఏ రూపాయి ఎక్కడ ఖర్చయిందో ఎవరూ విడదీసి చెప్పలేరు, సంచీ ఒకటే కాబట్టి. కానీ ఆ సంచీలోంచే 1879 అక్టోబరులో రాబర్ట్స్ కాబూలులో ఉరికంబాలు నాటాడు. అంతకుముందు నెలలో బ్రిటిష్ రాయబారి కవాన్యారిని చంపినందుకు పదులమందిని ఉరితీశాడు. చలికాలంలో ఊళ్ళు తగలబెట్టించాడు.

ఆ నవంబరులోనే స్కాట్లండ్‌లో ఎన్నికల ప్రచారంలో గ్లాడ్‌స్టన్, మంచు కొండల్లోని అఫ్గాన్ ఇంట్లో ఉన్న ప్రాణం కూడా మీ ప్రాణమంత పవిత్రమేనని శ్రోతలకు గుర్తుచేశాడు. గొప్ప ప్రసంగం. 1880లో గెలిచాడు. 1882లో ఆయన ప్రభుత్వమే ఈజిప్టు మీదకి సైన్యాన్ని పంపింది. అందులోనూ మద్రాసు సాపర్లున్నారు.

*

ఇప్పుడు రంప. ఖైబర్ దగ్గర యుద్ధం మొదలైన నాలుగు నెలలకి, 1879 మార్చిలో, చోడవరం ప్రాంతంలో కొండవాళ్ళు పోలీసుల మీద తిరగబడ్డారు. ముఖ్య కారణం కల్లు. తాటి, జీలుగు చెట్ల నుంచి ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడం వాళ్ళకి అన్నం తినడంలాంటిది. కొత్త అబ్కారీ చట్టంతో అది కాంట్రాక్టర్ల పాలయింది. దాని మీద మన్సబుదారు 'చిగురుపన్ను' ఒకటి. పైగా పోలీసుల జులుం. కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్‌రెడ్డి లాంటివాళ్ళు నాయకులయ్యారు. వాళ్ళ మీదకి ఆరు మద్రాసు పదాతి రెజిమెంట్లు, రెండు కంపెనీల సాపర్లు, అశ్వికదళం, హైదరాబాదు కాంటింజెంటు, చుట్టుపక్కల జిల్లాల పోలీసులు వెళ్ళారు. 1880లో చంద్రయ్యా, తమ్మన్నదొరా హతమయ్యారు. ఎంతోమందిని అండమాన్ పంపారు.

సర్కారు కాగితాలు ఈ తిరుగుబాటుని 'ఫితూరీ' అన్నాయి. అది మన పితూరీయే. పాత నిఘంటువుల్లో పితూరీ అంటే తిరుగుబాటు. ఇప్పుడు మనింట్లో పితూరీ అంటే చిన్నపిల్లాడు అన్నయ్య మీద అమ్మకి చాడీ చెప్పడం. ప్రాణాలకు తెగించి చేసిన పని మన నోళ్ళలో నలిగి నలిగి చాడీ అయిపోయింది. అణచివేత విజయం సాధించిందనడానికి ఇంతకంటే ఏం కావాలి?

అఫ్గాన్ యుద్ధంలో మన పాత్ర పన్ను కట్టినవాడి పాత్ర అనుకుంటే, రంపలో అంతకంటే ఎక్కువ. కొండ మీదకి వెళ్ళిన కల్లు కాంట్రాక్టర్లు, అప్పులిచ్చిన వర్తకులు పల్లపు ప్రాంతాల వాళ్ళు. ప్రభుత్వం తరఫున విచారణ చేసిన అధికారే ఈ సంగతి రాశాడు. వర్తకులు కొండవాళ్ళతో అర్థంకాని ఒప్పందాలు రాయించుకునేవారు. కిందికి వచ్చి కోర్టులో దావా వేసేవారు. అవతలివాడు హాజరు కాలేదని ఏకపక్షంగా డిక్రీ తెచ్చుకుని, చిన్న బాకీకి పెద్ద ఆస్తి జప్తు చేసుకునేవారు. ఆ కోర్టులు దొరలవే, కానీ ఆ దావాలు మనవాళ్ళవి.

*

ఇక మావయ్య ప్రశ్న. మనకేంటంట?

మొదటి సమాధానం తేలికది: మనకేం లేదు. పన్ను బలవంతాన వసూలు చేశారు. మన అభిప్రాయం ఎవరూ అడగలేదు. సిపాయి కడుపు కోసం వెళ్ళాడు. తప్పంతా దొరలది. ఇందులో అబద్ధం లేదు. జర్మన్ తత్వవేత్త కార్ల్ యాస్పర్స్ రెండో ప్రపంచయుద్ధం తర్వాత తన దేశపు అపరాధం గురించి రాసిన పుస్తకంలో నేరాన్నీ, రాజకీయ బాధ్యతనీ విడదీశాడు. నేరం చేసినవాడిది, దాన్ని జాతి మొత్తానికి అంటించకూడదు. రాజకీయ బాధ్యత పౌరులందరిదీ. కానీ 1879లో గోదావరి రైతు పౌరుడు కాదు, ప్రజ మాత్రమే. ఓటు లేనివాడికి రాజకీయ బాధ్యత కూడా ఏముంటుంది? పోనీ, ఆ రైతు దగ్గర కూలికెళ్ళిన మనిషి మాటేంటి? కాలవ నీళ్ళు అతని పొలానికి పారలేదు, అసలు పొలమే లేదు. ఉప్పు మీద పన్ను మాత్రం కట్టాడు. 'మనం' అని ఒకే మాటతో అతన్నీ, భూస్వామినీ, అబ్కారీ కాంట్రాక్టరునీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

రెండో సమాధానం నేను చాలామంది నోట విన్నది: అఫ్గాన్లు మాత్రం తక్కువా? గజనీ రాలేదా, అబ్దాలీ రాలేదా? వచ్చారు. కానీ 1879 చలిలో ఇల్లు కాలిపోయిన మనిషికి అబ్దాలీతో ఉన్న సంబంధం, మా మావయ్యకి క్లైవ్ సిపాయిలతో ఉన్నంతే. ఆ లెక్క వేస్తే ఈ భూమ్మీద ఎవరి ఇల్లు కాల్చడానికైనా ఒక పాత కారణం దొరుకుతుంది.

మూడోది ఉప్పు తిన్న వాదం. భారతంలో భీష్ముడంతటివాడే యుద్ధం మొదలయ్యే ముందు ధర్మరాజుతో తాను కౌరవుల సొమ్ముకి కట్టుబడిపోయానని ఒప్పుకుంటాడు. న్యాయం ఎటుందో ఆయనకి తెలుసు. నాకు నచ్చేది ఆయన చేసిన పని కాదు, ఆ ఒప్పుకోలు. కనీసం తన పద్దు తనకి తెలుసు. మాది ధర్మయుద్ధమని నటించలేదు.

అక్కడే నాకు జవాబు దొరికిందనిపిస్తుంది. గతంలో జరిగినదానికి మనం దోషులం కాము. అయితే లాభం పొందినవాళ్ళం. దోషం వారసత్వంగా రాదు, కానీ పొలం వస్తుంది, చదువు వస్తుంది, కొబ్బరితోట వస్తుంది. ఆస్తిని తీసుకుని దాని దస్తావేజులు చదవననడం కుదరదు. మన బాధ్యత శిక్ష అనుభవించడం కాదు, లెక్క మొత్తం చదవడం. తర్వాత అలాంటి లెక్కే మన ముందుకొస్తే గుర్తుపట్టడం.

ఇది నాకు ఊరికే వచ్చిన ఆలోచన కాదు. రెండేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో మా టీమ్ రాసింది చిన్న మాడ్యూల్. పైనుంచి తీసిన చిత్రాల్లో మనిషినీ పశువునీ బండినీ వేరుచేసి గుర్తుపట్టాలి. దీన్ని చివరికి ఎవరు వాడతారని మీటింగులో అడిగాను. "అది మన స్కోప్ కాదు," అన్నారు. నేను మళ్ళీ అడగలేదు. ఇంటి లోన్ ఉంది, అప్రైజల్ దగ్గరపడింది. మాడ్యూల్ బాగా వచ్చిందని మెచ్చుకున్నారు కూడా. పంటలు లెక్కపెట్టడానికే వాడుతున్నారేమో. కాకపోవచ్చు. 1919లో మూడో అఫ్గాన్ యుద్ధంలో కాబూలు మీద మొదటిసారి విమానం నుంచి బాంబులు పడ్డాయి. ఆ విమానానికి రెక్కలు కుట్టినవాళ్ళూ ఎవరో ఉండే ఉంటారు. వాళ్ళ స్కోప్ రెక్కల గుడ్డ వరకే.

1879 రైతుకి అడిగే హక్కు లేదు. నాకుంది. అడిగాను, ఒక్కసారి. అతన్ని వదిలేసిన వాదంతో నన్ను నేను వదిలేసుకోలేను. తేడా అంతా అక్కడుంది.

*

మరి కాటన్ విగ్రహాన్ని ఏం చెయ్యాలి? ఏమీ చెయ్యక్కర్లేదు. దండ వేద్దాం. కరువుల గురించీ కాలవల గురించీ ఆయన చెప్పినవాటిలో నిజం చాలా ఉంది. ఆయన కాలవలు లేకపోతే ధాత కరువు డెల్టాని కూడా తినేసేది. కృతజ్ఞత మంచి గుణమే. కాకపోతే ఒక పేజీ చింపేసిన పుస్తకానికి దణ్ణం పెట్టడం కృతజ్ఞత కాదు. ధవళేశ్వరం మ్యూజియానికి పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు రంప ఎటుందో కూడా చూపించొచ్చు. అక్కడి నుంచి ఆ కొండలు మరీ దూరమేం కాదు.

మా అమ్మమ్మ చిన్నప్పుడు అమలాపురం వైపు కాబూలీవాళ్ళు వచ్చేవారట. బట్టలు అరువిచ్చి, మళ్ళీ ఏడు కర్ర పట్టుకుని వసూలుకి వచ్చేవారట. అన్నం తినకపోతే "అదిగో కాబూలీ వస్తున్నాడు" అని బెదిరించేవారని చెప్పేది. మా ఇంటి జ్ఞాపకంలో అఫ్గాన్ మనిషి అంటే అంతే, మనకి అప్పిచ్చి పీడించేవాడు. వాళ్ళ పిల్లల్ని మన పేరు చెప్పి ఎవరైనా బెదిరించారేమో నాకు తెలీదు. 'తిలంగా వస్తున్నాడు' అని.

ఈ వ్యాసం రాశాక మావయ్యకి ఫోన్ చేసి చదివి వినిపించాను. కరువు నిధి దగ్గర "దొంగనాయాళ్ళు" అన్నాడు. వర్తకుల దావాల దగ్గర ఏమీ అనలేదు. అంతా అయ్యాక కాసేపు ఆగి, "మన ముత్తాత అన్నగారికి పైన కల్లు పాట ఉండేదనేవార్రా. మా నాన్న చెప్పేవాడు. ఏ ఏడో తెలీదు," అన్నాడు.

ఆ మాట నాకు ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.